ఏడాది పొడుగున సైకిలు – దానికి కావలసిన చిన్న సామగ్రి

మృగశిర కార్తె వచ్చుటయు, బడులు తెఱచుటయు మన నల్లగొండ, పాలమూరు సీమలలో ఇంచుమించుగా ఒక్క వారముననే జరుగును. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునన్న సామెత యున్నది గదా. ఆ యెండలో వేసవి సెలవులన్నియు గోడకానించి యుంచిన సైకిలు టైర్లు బీటలు వాఱి, గాలి పోసెడి చోటనున్న వాల్వు రబ్బరు ఎండిపోయి, గొలుసు బిగిసి యుండును. దానినట్లే బయటికి తీసి, నాలుగు చినుకులు పడిన బురద దారిలో, మూడు నాలుగు కిలోమీటర్ల దూరముననున్న ఉన్నత పాఠశాలకు బాలికను పంపుదుము. వారము తిరుగక మునుపే సైకిలు మఱల గోడను చేరును. దానితోపాటు బాలికయు ఇంటనే నిలిచిపోవుటను మేము కొన్ని యిండ్లలో చూచితిమి. ఈ వ్యాసము వ్రాయుటకు అదియే కారణము.

సైకిలు కొనునప్పుడు ఇంటివారందఱును కూడి రంగునుగూర్చి, ధరనుగూర్చి దీర్ఘముగా ఆలోచింతురు. దానికి తగిలించవలసిన చిన్న వస్తువులనుగూర్చి ఎవ్వరును ఆలోచింపరు. దుకాణదారుడు ‘తరువాత చూచుకొనవచ్చు’ననును, ఆ తరువాత యన్నది రాదు. కాని బట్ట చినిగినను, పుస్తకము తడిసినను, పిల్ల ఎండకు సొమ్మసిల్లి వచ్చినను ముందుగా చూచునది గృహిణియే. కావున, సోదరీమణులారా, ఇది పురుషులకు విడిచిపెట్టవలసిన విషయము కాదని మా యభిప్రాయము.

దేవరకొండకు పోవు దారిలో ఒక గ్రామమున మేమెఱిగిన కుటుంబమొకటి కలదు. పిల్ల తొమ్మిదవ తరగతి చదువుచుండెను. తండ్రి అప్పు చేసి సైకిలు కొని యిచ్చెను. మూడవ వారమున పిల్ల చున్నీ గొలుసులో చిక్కుకొని, ఆమె కంకర దారిపై బోర్లపడి, మోచేయి చీరుకొనిపోయెను. నాయనమ్మ ‘ఆడపిల్లకు సైకిలేంది కొడుకా, బడి వద్దు ఏమొద్దు, ఇంటి కాడ ఉండనియ్యి’ అని పట్టుబట్టెను. మేము పోయి చూచునప్పటికి సైకిలు పశువుల కొట్టపు గోడకానుకొని యుండెను. తప్పు పిల్లది కాదు; గొలుసుపైన నుండవలసిన రేకు తొడుగు లేదు. అది చప్పుడు చేయుచున్నదని మరమ్మతు చేయువాడు విప్పి ఆవల పెట్టెనట!

ఈ గొలుసు తొడుగు రెండు విధములుగా దొరకును. ఒకటి గొలుసు పైభాగమును మాత్రము కప్పును. రెండవది పెట్టెవలె నాలుగు వైపులను మూసివేయును. పురుషులకు మొదటిది చాలవచ్చును గాని, లంగా, చున్నీ, చీర ధరించువారికి నిండు తొడుగే కావలెను. బట్ట పైనుండియే కాదు, గాలికి ప్రక్కనుండియు, అడుగునుండియు పండ్ల చక్రములోనికి పోగలదు. నిండు తొడుగువలన మఱియొక లాభము కలదు: వానయు, దుమ్మును గొలుసును చేరవు; గొలుసు నూనె బట్టకంటదు. మరమ్మతు చేయువారికి దానిని విప్పి బిగించుట కొంత శ్రమ గావున వారు దానిని మెచ్చరు. చప్పుడు చేసినచో తీసివేయనక్కరలేదు; రేకు తగులుచున్న చోట పాత ట్యూబు ముక్క నొకదానిని దూర్చి మరలు బిగించినచో చప్పుడు మానును.

గొలుసునకు వంటనూనె పోయు నలవాటు మన యిండ్లలో చాలచోట్ల కలదు. అది కొన్నాళ్ళకు బంకవలె చిక్కబడి దుమ్మునంతయు పట్టును. కుట్టుమిషనుకు వాడెడి పలుచని నూనె రెండు మూడు చుక్కలు, అదియు పాత గుడ్డతో గొలుసును తుడిచిన పిమ్మట వేసిన చాలును.

వెనుక చక్రమునకు ఇరుప్రక్కల తగిలించెడి వలకు అంగళ్ళలో డ్రెస్ గార్డు అని పేరు. స్త్రీల కొఱకు చేసిన సైకిళ్ళకు తఱచుగా ఇది ఉండును; అన్నదమ్ములనుండి పిల్లకు వచ్చిన సైకిలుకు మాత్రము ఉండదు. చీర కొంగు చక్రపు కమ్మీలలో చుట్టుకొనినచో సైకిలు క్షణములో ఆగిపోవును, మనిషి ఆగదు. దుకాణమున దొరకకున్నచో గట్టి నైలాను త్రాటితో మడ్గార్డు అంచునుండి చక్రము ఇరుసు దగ్గఱి వఱకు అల్లుకొనవచ్చును. నులకమంచము అల్లగల చేతులకు ఇదొక పని కాదు. అల్లిక బిగువుగా ఉండవలెను. వదులైన త్రాడే చక్రములో చిక్కినచో మొదటి యపాయముకంటె రెండవది పెద్దదగును.

మగవారి సైకిలు స్త్రీలకు పనికిరాదని కొందఱందురు. తమిళనాటి పుదుక్కోట జిల్లాలో 1991 సంవత్సరమున అక్షరాస్యతా ఉద్యమముతో కూడ వేలకొలది గ్రామ స్త్రీలు సైకిలు నేర్చిరి. స్త్రీల సైకిళ్ళు చాలినన్ని దొరకనందున చాలమంది మగవారి సైకిళ్ళనే కొనిరి. కొందఱు తల్లులకైతే అడ్డుకమ్మీ ఉండుటయే మేలైనదట. దానిపై బిడ్డను కూర్చుండబెట్టుకొని పోవచ్చును గదా! బీహారు ప్రభుత్వము 2006లో తొమ్మిదవ తరగతిలో చేరిన బాలికలకు సైకిళ్ళకై ధనమిచ్చు పద్ధతిని ప్రారంభించిన పిమ్మట ఉన్నత పాఠశాలలో చేరెడి బాలికల సంఖ్య హెచ్చినదని పరిశోధకులు కనుగొనిరి. బడి దూరముగానున్న ఊళ్ళలో ఈ హెచ్చు మఱింత స్పష్టముగా కనబడెను. దూరమే బాలికల చదువునకు అడ్డమని దీనివలన తెలియుచున్నది.

ఇక వానను గూర్చి. సైకిలుపై గొడుగు పట్టుకొనుట మన దారులలో నిత్యము కనబడు దృశ్యము. ఒక చేతితో గొడుగు, ఒక చేతితో హ్యాండిలు. బ్రేకు రెండు చేతులది. జపానుదేశమున ఇట్లు గొడుగు పట్టుకొని సైకిలు తొక్కుట నిషిద్ధము. మన మెట్టభూములలో చెట్లు తక్కువ. ఆషాఢపు పడమటి గాలి అడ్డు లేక వీచును. ఆ గాలికి గొడుగు తెరచాపవలె లాగి మనిషిని దారి ప్రక్కకు తీసికొనిపోవును. కావున గొడుగును మడిచి క్యారియరుకు కట్టి, బడి చేరిన తరువాత వాడుకొనవలెను.

సైకిలుపై పోవువారికి వానకోటు రెండు తీరులది కలదు. చొక్కా, పైజామా వలె రెండు భాగములుగానున్నది గాలికి ఎగురదు గాని, మన జూన్, జూలై మాసముల ఉక్కలో లోపల చెమటతో వానలో తడిసినంతగానే తడియును. రెండవది దుప్పటివలె పైనుండి వేసికొనునది. చైనాదేశమున సైకిలుపై పోవువారు దీని ముందుభాగమును హ్యాండిలుపైని, బుట్టపైని పఱచి పోవుదురు. మోకాళ్ళు, పుస్తకములు రెండును తడియవు. క్రిందనుండి గాలి ఆడును. గాలివానలో మాత్రము ఇది గొడుగుకు చెల్లెలే. రెండును కొనలేనివారు మొదటిదే కొనుట మేలని మాకు తోచుచున్నది. రంగు మాత్రము పసుపో నారింజయో కావలెను. మబ్బు పట్టిన పూట నల్లని కోటు లారీ తోలువానికి కనబడదు. తలముసుగు చెవులను, ప్రక్కచూపును మూసివేయకుండునట్లు దాని క్రింద చిన్న అంచు టోపీ పెట్టుకొనినచో ముసుగు కన్నులపై జాఱదు.

గొఱ్ఱెలకాపరులు దక్కనీ గొఱ్ఱెల ఉన్నితో నేసిన గొంగడిని తలపైనుండి కప్పుకొని ఎంత వానలోనైనను నిలుతురు. ఉన్ని తడిసినను వెచ్చదనము విడువదు. నిలుచువానికి అది మేలు. సైకిలు తొక్కువారికి నీరు పీల్చిన గొంగడి మోయరాని బరువగును. అయినను చలికాలపు ఉదయమున భుజములపై వేసికొనుటకు చిన్న గొంగడి ముక్క నే కోటును మించలేదు. పొలములలో కూలికి పోవు స్త్రీలు యూరియా సంచిని మూల మడిచి ముసుగుగా వేసికొందురు. పుస్తకముల సంచికి లోపలి తొడుగుగా ఆ పాలితీను సంచి చక్కగా ఉపయోగించును. కాని సబ్బుతో రెండు మూడు మాఱులు కడిగి ఎండబెట్టవలెను. పైనుండి కప్పుటకంటె సంచిలోపలనే పుస్తకములను చుట్టి పెట్టుట మంచిది. నీరు కుట్టుచోట్లనుండియే దిగును.

వానలో బ్రేకును నమ్మరాదు. మన సైకిళ్ళ చక్రములకు ఎక్కువగా ఇనుప అంచు ఉండును. అది తడిసినప్పుడు బ్రేకు రబ్బరు పట్టదు, జాఱును. వాలు దిగుటకు ముందే మెల్లగా రెండు మూడు మాఱులు బ్రేకు వేసినచో రబ్బరు నీటిని తుడిచివేయును. ఆపైన అది పట్టును. వేసవికి గట్టిపడిన బ్రేకు రబ్బర్లను బడులు తెఱచుటకు ముందే మార్పించుడు.

మన చెల్క నేలలలో వాన వెలిసిన కొంతసేపటికే దారి గట్టిపడును. గద్వాల, అలంపురము వైపు రేగడి నేలలలో అట్లు కాదు. బురద మడ్గార్డుకు చక్రమునకు నడుమ చేరి సున్నము పెట్టినట్లు బిగియును. ఆ సీమవారు క్యారియరుకు ఒక చదునైన కఱ్ఱముక్కను కట్టియుంచుకొనినచో గీకివేయుటకు పనికివచ్చును. ముందు మడ్గార్డు కొసకు పాత టైరునుండి కోసిన జానెడు రబ్బరు పలక నొకదానిని వ్రేలాడదీసినచో పాదములపైనను, గొలుసుపైనను బురద చిందదు. దీనికి ఖర్చు లేదు.

వాగు దారిపై పొర్లుచున్నప్పుడు ఏ సామగ్రియు పనికిరాదు. నీరు మోకాలి లోతు లేకున్నను సైకిలును ప్రక్కకు త్రోయును. క్రింద దారి కోసుకొనిపోయినదో లేదో కనబడదు. మెఱుపులు మెఱయునప్పుడు ఒంటరి చెట్టు క్రిందికి పరుగెత్తరాదు. బండలు, బయళ్ళు తప్ప మఱేమియు లేని మన ప్రాంతమున పిడుగుపాటువలన ఏటేట ప్రాణనష్టము జరుగుచునేయున్నది. గట్టి కప్పుగల యింటిలోనికో, బడిలోనికో పోవుట యొక్కటే రక్ష. ‘ఆలస్యమైనను నిన్ను కోపపడము’ అని తల్లి ముందే చెప్పియుంచినచో బిడ్డ వాగు దాటుటకు తొందరపడదు.

వానలు వెనుకబట్టిన పిమ్మట పల్లేరు రాజ్యము. దారి ప్రక్కల పచ్చగా ప్రాకిన తీగ ఎండి, కాయలు రాలి, ఏవైపు పడినను ఒక ముల్లు పైకి నిలిచియుండును. దీనికి తోడు తుమ్మ ముల్లు, చెఱువు గట్ల వెంట సర్కారు తుమ్మ ముల్లు. డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల బండి కొఱకు గాలిటైరు చేసినప్పుడు పాలమూరు పల్లేరును చూడలేదు గాబోలు!

పాత ట్యూబును నిడివిగా చీల్చి, టైరుకు ట్యూబుకు నడుమ పట్టీగా వేయించినచో చిన్న ముండ్లు లోపలికి దిగవు. తొక్కుటకు కొంచెము బరువగును. అయినను దారిలో దిగబడుటకంటె నయము. టైరులో ముల్లు కనబడి గాలి మెల్లగా పోవుచున్నచో వెంటనే పెఱకరాదు. పెఱికిన గాలియంతయు ఒక్కమాఱు పోవును. మరమ్మతు చోటు చేరువఱకు దానిని అట్లే యుంచి, మధ్య మధ్య పంపుతో గాలి కొట్టుకొనుచు పోవలెను. అందులకే చిన్న చేతిపంపు సైకిలుకు బిగించి యుండవలెను.

పంక్చరు వేయుట పురుషుల విద్య యని ఎవరు చెప్పిరో తెలియదు. ఒక పానా, టైరును విప్పు రెండు రేకు పట్టెలు, గరుకు కాగితము, సొల్యూషను గొట్టము, రబ్బరు బిళ్ళలు – ఇంతే సామగ్రి. ట్యూబులో గాలి కొట్టి వెడల్పు గిన్నెలోని నీటిలో ముంచినచో బుడగలు వచ్చుచోటు తెలియును. దానిని తుడిచి, ఆఱనిచ్చి, గరుకు కాగితముతో రుద్ది, సొల్యూషను పలుచగా పూయవలెను. ఇక్కడనే అందఱును తొందరపడుదురు. పూత తడిగా నున్నప్పుడు బిళ్ళ అంటించినచో సాయంకాలమునకే ఊడును. వ్రేలికి అంటుకొననంతగా ఆఱిన పిమ్మటనే అంటించి గట్టిగా నొక్కవలెను. టైరు లోపల వ్రేళ్ళతో మెల్లగా తడిమి ముల్లు మిగిలినదేమో చూచుట మఱువరాదు. మన సైకిళ్ళలో ముల్లు లేకయే గాలి పోవుటకు ఎక్కువగా వాల్వు రబ్బరే కారణము. అంగుళమంత గొట్టము, ధర స్వల్పము. నాలుగు ముక్కలు సంచిలో వేసియుంచుకొనినచో సంవత్సరము గడచును.

కార్తీకము దాటిన తరువాత ప్రొద్దు త్వరగా గ్రుంకును. సరిగా అప్పుడే పదవ తరగతి వారికి బడి విడిచిన పిమ్మట ప్రత్యేక తరగతులు జరుపుదురు. ‘చీకటి పడుచున్నది, ఆ తరగతులకు ఉండవద్దు’ అని తల్లులు చెప్పుట మేము వినుచున్నాము. మగపిల్లలు ఉందురు, ఆడపిల్లలు వచ్చివేయుదురు. పరీక్షలో తేడా తెలియును. చీకటి భయములో దారి భయమొకటి, మనుష్యుల భయమొకటి. రెండవదానికి దీపము పూర్తి మందు కాదు. నలుగురు బాలికలు కలసి వచ్చు ఏర్పాటు చేయవలెను. మొదటిదానికి దీపము చాలును.

టైరు నొరసికొని తిరిగెడి డైనమో దీపము 6 వోల్టులది. విద్యుత్తు మనకాళ్ళదే గావున బ్యాటరీ అక్కరలేదు. కాని సైకిలు ఆగినచో దీపము ఆఱును. బురదలో డైనమో టైరుపై జాఱును. ఇప్పుడు ఫోనువలె విద్యుత్తు నింపుకొనెడి చిన్న ఎల్‌ఈడీ దీపములు వచ్చినవి. ముందు తెల్లనిది, వెనుక ఎఱ్ఱనిది కావలెను. ఒకటే కొనగలిగినచో ఏది కొనవలెనని అడుగుదురు. హైదరాబాదునుండి విజయవాడకు పోవు 65వ నంబరు రహదారిగాని, బెంగుళూరునకు పోవు 44వ నంబరు రహదారిగాని ప్రక్కనుండి పోవువారికి వెనుక దీపమే ముందు కావలెనని మేము చెప్పుదుము. అపాయము వెనుకనుండి వచ్చును. మనము దానిని చూడలేము, అది మనలను చూడవలెను. వెలుతురు పడిన మెఱసెడి పట్టీలను మడ్గార్డుకు, పెడళ్ళకు అంటించుట దీనికి తోడు. కదలుచున్న పెడళ్ళ మెఱపు దూరమునకే తెలియును. పెద్ద రహదారి నెక్కువారికి తేలికైన శిరస్త్రాణమును కావలెను.

గంట, తాళము, స్టాండు సంగతి అందఱెఱిగినదే. గంట మనుష్యులకు వినిపించును. గొఱ్ఱెలు కొంత ప్రక్కకు జరుగును. బఱ్ఱె మాత్రము మనవైపు చూచి మఱల దారి నడుమనే నడచును. అప్పుడు దిగి నడచుటయే మార్గము. సీటు ఎత్తు విషయమై ఒక్క మాట: ఆగినప్పుడు రెండు పాదముల వ్రేళ్ళును నేలకానవలెను. ‘ఎదుగు పిల్ల’ యని ఎత్తైన సైకిలు కొనుట బట్టల విషయమున చెల్లును గాని ఇక్కడ చెల్లదు.

కడపట ఎండ. మార్చి నడుమనుండి ఒంటిపూట బడులు జరుపుదురు. పిల్లలకు ఎండ తగులకుండుటకే ఈ యేర్పాటు. కాని ఉదయము చల్లగా పోయిన బాలిక మిట్టమధ్యాహ్నము పన్నెండున్నరకు బడి విడిచి సైకిలుపై తిరిగి వచ్చును. ఏప్రిలులో 40 డిగ్రీలు దాటిన ఆ వేళకు తగిన సామగ్రి ఇంటనే యున్నది: తలకు, మెడకు చుట్టుకొనుటకు తెల్లని నూలు తువాల. బయలుదేరునప్పుడు దానిని తడిపి పిండి చుట్టుకొనినచో ఆఱువఱకు తల చల్లగా నుండును. కొసలను మెడ వెనుక ముడివేయవలెను; వ్రేలాడు కొస గొలుసు వైపు పోవును. హ్యాండిలుకు నీళ్ళసీసా తగిలించు కమ్మీ నొకటి బిగించి, ఇంటినీరో, ఉప్పు వేసిన పలుచని మజ్జిగయో పంపవలెను. మఱ్ఱిగూడ, మునుగోడు ప్రాంతముల భూగర్భజలమున ఫ్లోరైడు అధికముగా ఉండుట ఎన్నో దశాబ్దములుగా తెలిసిన దుఃఖము, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీరు పండ్లను, ఎముకలను చెఱచును. దారిలోని ఏదో యొక బోరింగు నీరు త్రాగు నవసరము బిడ్డకు కలుగనీయరాదు. తల తిరిగినను, చెమట ఆగిపోయినను దిగి నీడన కూర్చుండవలెనని బాలికకు ముందే నేర్పవలెను.

సైకిలునకును నీడ కావలెను. ఎండలో నిలిపిన సైకిలు ట్యూబులో గాలి వ్యాకోచించును, పాత అతుకులు మెత్తబడి విడిపోవును; నల్లని సీటు కాలిన పెనమువలె నుండును. బడిలో చెట్టు నీడ దొరకనిచో సీటుపై గుడ్డతొడుగు వేయవలెను. దేవరకొండ దారి కుటుంబపు పిల్లకు ఆ నిండు గొలుసు తొడుగు దేవరకొండ అంగడిలో దొరకినది. డ్రెస్ గార్డును తల్లి తానే అల్లినది. ఇటీవల మేమా యింటికి పోయినప్పుడు సైకిలు వేపచెట్టు క్రింద నుండెను. పాత గొంగడి ముక్క నొకదానిని నాలుగు మడతలు పెట్టి సీటుపై వేసి, త్రాటితో కట్టియుండిరి. అది ఎవరి పనియని అడుగగా పిల్ల నాయనమ్మ వైపు చూపెను.